అమ్మీ కళ్ళ ముందే ఉంది.. మరి ఈ దుఃఖం దేనికి?

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మతిమరుపు చాలాసార్లు నమాజు దగ్గరే బయటపడుతుంది. రెండు రకాతులు చదివారా, మూడా అన్నది గుర్తుండదు. అసర్ చదివి జానిమాజ్ మడత పెట్టిన పది నిమిషాలకే మళ్ళీ వుజూకి లేస్తారు. ‘ఇప్పుడే చదివారు కదా’ అంటే ‘నేనెప్పుడు చదివాను?’ అని కోప్పడతారు. ఆ తర్వాత తాళం చెవులు, బ్యాంకు పుస్తకం, మనవళ్ళ పేర్లు ఒక్కొక్కటే జారిపోతాయి. వయసు మీద పడింది, అంతేలే అని ఇంట్లోవాళ్ళు సర్దుకుంటారు. ఒకరోజు కన్నకూతుర్నే చూసి ‘నువ్వెవరమ్మా?’ అని అడిగేవరకు జరుగుతున్నదేంటో అర్థం కాదు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే డిమెన్షియా అని పేరు చెప్తారు. మాత్రలు రాస్తారు, జాగ్రత్తలు చెప్తారు. ఆ కూతురి పరిస్థితి ఏంటని మాత్రం ఎవరూ అడగరు. బంధువులు వచ్చి ‘సబర్ చెయ్ బేటీ, ఖిద్మత్ చేస్తే జన్నత్’ అని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. ఆ మాట నిజమే. కానీ రోజుకి పదిసార్లు అదే ప్రశ్నకి జవాబు చెప్పి, రాత్రి రెండింటికి తలుపు తీసుకుని బయటికి వెళ్తున్న అబ్బాని పట్టుకుని తెచ్చి, తెల్లారి మళ్ళీ వంటింట్లో నిలబడే మనిషికి ఆ ఒక్క మాట సరిపోదు. ఆ మనిషి మనసులో ఏం జరుగుతుంది, దాన్ని ఎలా తట్టుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

ముసలితనం వేరు, ఈ జబ్బు వేరు

కళ్ళద్దాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం ముసలితనంలో మామూలే. కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని ఇవి దేనికి అని అడగడం మామూలు కాదు. మెదడులోని కణాలు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట, ప్రవర్తన క్రమంగా తగ్గిపోవడాన్ని డిమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మెదడుకి రక్తప్రసరణ సరిగా అందక వచ్చే రకం కూడా ఉంది. బీపీ, షుగర్ అదుపులో లేనివాళ్ళకి దాని ముప్పు ఎక్కువ.

2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ సమస్య ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మరో రకంగా చెప్పాలంటే, 60 దాటిన ప్రతి పధ్నాలుగు మందిలో సుమారు ఒకరు. మీ గల్లీలో ఇలాంటి ఇల్లు మీ ఒక్కరిదే అనుకుంటున్నారేమో, తలుపులు మూసుకుని ఉండటం వల్ల పక్కింటి సంగతి మీకు తెలియదు, అంతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రవర్తన మారగానే ‘నజర్ తగిలింది’, ‘సాయా పట్టింది’ అని ఆమిల్ దగ్గరికి తిప్పుతూ నెలలు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. దుఆ చెయ్యండి, ఖుర్ఆన్ చదివి ఊదండి, కాదనేవారు లేరు. కానీ చికిత్స చేయించుకోమన్నది కూడా మన ప్రవక్త (స) బోధనే. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నా, కొన్ని మందులు పడకపోయినా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. ఒక్కసారిగా రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది కారణం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అల్జీమర్స్‌కి డోనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు వాడతారు. అవి లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయే తప్ప జబ్బుని పూర్తిగా నయం చెయ్యవు.

పుర్సా లేని దుఃఖం

ఇంట్లో ఎవరైనా ఇంతిఖాల్ అయితే జనాజా నమాజు ఉంటుంది, ఖబరస్తాన్ దాకా నలుగురు నడుస్తారు, పుర్సా ఇవ్వడానికి ఊరంతా వస్తుంది. దుఃఖానికి ఒక దారి దొరుకుతుంది. కానీ అమ్మీ మంచం మీద కూర్చునే ఉంది, ఆమె చేతి వంట, ఆమె తిట్టు, ఆమె నవ్వు మాత్రం పోయాయి. దీనికి పుర్సా ఎవరిస్తారు? మనిషి ఉండగానే ఏడుస్తావేంటి, అపశకునం అంటారు.

ఈ దుఃఖానికి పరిశోధకులు ఒక పేరు పెట్టారు. అమెరికాకు చెందిన పౌలిన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను గమనించారు. మనిషి లేడు, కానీ చనిపోయాడని కూడా చెప్పలేరు. ఆ కుటుంబాలు ఏడవలేక, మర్చిపోలేక మధ్యలో ఆగిపోయాయి. తేలని నష్టం అనే అర్థం వచ్చే పేరు దానికి ఆమె పెట్టారు. డిమెన్షియా ఇందులో రెండో రకం. అక్కడ మనిషి లేడు, మనసులో ఉన్నాడు. ఇక్కడ మనిషి ఉంది, మనసు దూరమైంది.

పేరు తెలిస్తే ఏం లాభం అనొచ్చు. లాభం ఉంది. ‘నాకేదో అయ్యింది, నేను పిరికిదాన్ని, నాకు ఈమాన్ తక్కువ’ అని తమను తాము తిట్టుకునేవాళ్ళకి, తమకు వచ్చింది నిజమైన దుఃఖమేనని తెలుస్తుంది. పైగా ఇది ఒక్కసారి వచ్చి పోయేది కాదు. అమ్మీ మీ పేరు మర్చిపోయిన రోజు ఒకసారి, తన చేత్తో అన్నం తినలేకపోయిన రోజు ఇంకోసారి, మాట ఆగిపోయిన రోజు మరోసారి.. ప్రతిసారీ కొత్తగా వస్తుంది. ‘ఇన్నేళ్ళయినా ఇంకా అలవాటు కాలేదా?’ అని ఎవరైనా అంటే, ఆ ప్రశ్నే తప్పు.

ఏడిస్తే సబర్ పోయినట్టా?

సబర్ అంటే కన్నీళ్ళు రాకపోవడం అని మనలో చాలామంది అనుకుంటారు. ఖుర్ఆన్‌లో సబర్‌కి పెద్ద ఉదాహరణల్లో ఒకరు హజ్రత్ యాఖూబ్ (అ). బిడ్డ యూసుఫ్ (అ) కోసం ఆయన కళ్ళు తెల్లబడిపోయేంతగా దుఃఖించిన విషయం సూరా యూసుఫ్‌లోనే ఉంది. ఆయన తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు, కానీ బాధ లేనట్టు నటించలేదు. మన ప్రవక్త (స) తన కుమారుడు ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు కన్నీరు పెట్టారని సహీ బుఖారీలో ఉంది. కాబట్టి ఏడుపు సబర్‌కి వ్యతిరేకం కాదు.

మనిషి అన్నీ తెలిసిన తర్వాత మళ్ళీ ఏమీ తెలియని వయసుకి చేరే స్థితి గురించి సూరా నహ్ల్‌లో, సూరా హజ్‌లో ప్రస్తావన ఉంది. ఆ స్థితి నుంచి రక్షణ కోరుతూ ప్రవక్త (స) దుఆ చేసేవారు. ఆ స్థితి ఎంత కష్టమైనదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మీకో, అబ్బాకో ఇది రావడం వాళ్ళు చేసిన పాపానికి శిక్ష అని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు.

అసలు చెప్పుకోలేని రెండు విషయాలు

ఒకటి కోపం. తల్లిదండ్రుల ముందు ‘ఉఫ్’ అని కూడా అనకూడదన్న ఆజ్ఞ మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆరోసారి పక్కబట్టలు మార్చాల్సి వచ్చినప్పుడు నోటి నుంచి ఉఫ్ కాదు, అంతకంటే పెద్ద మాటే వచ్చేస్తుంది. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టదు. కోపం రావడం అలసటకి గుర్తు. ప్రేమ లేదని కాదు. గొంతు పెరుగుతోందని తెలియగానే అమ్మీని సురక్షితంగా కూర్చోబెట్టి రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళండి, వుజూ చేసుకోండి. నోరు జారితే తౌబా చేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోండి. ఆమెకి మాట గుర్తుండకపోవచ్చు, మీ చేతి మెత్తదనం తెలుస్తుంది. కానీ చెయ్యి ఎత్తే దాకా వస్తోందంటే మాత్రం ఆ రోజే వేరేవాళ్ళకి అప్పగించి పక్కకి తప్పుకోవాలి. అది మీరు ఒంటరిగా మోయగల హద్దు దాటిపోయిందని అర్థం.

రెండోది ఇంకా లోపల ఉంటుంది. ‘యా అల్లాహ్, ఇక తీసుకుపో’ అనే ఆలోచన. అది వచ్చిన క్షణమే మనిషి తనను తాను రాక్షసి అనుకుంటుంది. ఏళ్ళ తరబడి చూసుకునేవాళ్ళల్లో ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. అందులో ఉన్నది ద్వేషం కాదు, ఆ బాధ ఆగాలన్న కోరిక. చావును కోరుకోవద్దనీ, బతుకు మేలైనంత వరకు బతికించమని, మరణం మేలైనప్పుడు తీసుకోమని అల్లాహ్‌నే అడగమనీ ప్రవక్త (స) నేర్పారు. ఆ దుఆలో నిర్ణయం మన చేతిలో ఉండదు. ఆ బరువు దించుకోవడానికి అదే మంచి దారి.

సరిదిద్దడం మానితే సగం గొడవ తగ్గుతుంది

చనిపోయి పదేళ్ళయిన అబ్బా గురించి ‘మీ అబ్బా ఇంకా రాలేదేం?’ అని అమ్మీ అడుగుతుంది. ఆయన పోయారు కదా అంటే, ఆమెకి అది ఆ క్షణంలో అందిన కబురే. గుండెలు బాదుకుంటుంది. గంట తర్వాత మళ్ళీ అడుగుతుంది. ప్రతిసారీ నిజం చెప్తే ప్రతిసారీ ఆమెని ఆ దుఃఖంలోకి తోసినట్టే. మరి అబద్ధం ఆడొచ్చా అని మన ఇళ్ళల్లో పెద్ద సందేహం. అబద్ధం ఆడకుండానే దారి ఉంది. ‘అబ్బా గుర్తొస్తున్నారా అమ్మీ? ఆయనకి నీ చేతి బగారా అంటే ఇష్టం కదా?’ అనండి. ఆమె అడిగింది ఆయన అడ్రస్ కాదు, ఆమెకి ఆయన గుర్తొచ్చారు, అంతే. ఆ మాట మీద కాసేపు మాట్లాడితే మనసు కుదుటపడుతుంది.

సొంత ఇంట్లోనే ఉండి ‘నేను ఇంటికి పోతా’ అంటారు. ముఖ్యంగా పొద్దు వాలి మగ్రిబ్ అయ్యే వేళకి ఈ గాభరా పెరుగుతుంది. ఇదే నీ ఇల్లు అని వాదిస్తే ఇంకా భయపడతారు. ‘సరే, చాయ్ తాగి చూద్దాం’ అని లైట్లు వేసి, తస్బీ చేతికిచ్చి పక్కన కూర్చుంటే చాలాసార్లు అది మెల్లగా తగ్గుతుంది.

కోడళ్ళని ఎక్కువగా గాయపరిచేది ఇంకొకటి. ‘నా గాజులు బహూ తీసింది’ అనే నింద. పొద్దున్నుంచి చాకిరీ చేసే మనిషే దొంగ అవుతుంది. వస్తువు ఎక్కడ పెట్టారో మర్చిపోయిన మెదడు ఆ ఖాళీని అనుమానంతో నింపుకుంటుంది, ఎప్పుడూ ఎదురుగా కనిపించే మనిషి మీదే ఆ అనుమానం పడుతుంది. ఇది ఈ జబ్బులో చాలా మామూలు లక్షణం. వాదించకుండా ‘పదండి, కలిసి వెతుకుదాం’ అనండి. ఇది జబ్బు చేసే పని అని ఆడపడుచులకి, చుట్టాలకి ముందే చెప్పాల్సిన బాధ్యత కొడుకుది. అతను నోరు మెదపకపోతే ఆ ఇంట్లో ఖిద్మత్ చేసే మనిషే ముద్దాయి అవుతుంది.

ఉర్దూ ఆమెది, తెలుగు పిల్లలది

రెండు భాషల్లో పెరిగిన మనలాంటి వాళ్ళకి ఈ జబ్బుతో ఒక ప్రత్యేకమైన సంబంధం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే నగరం కాబట్టే ఇక్కడ ఈ పరిశోధన సాధ్యమైంది.

జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష ఎక్కువకాలం నిలవడం చాలామందిలో కనిపిస్తుంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడిన నానీ చివరికి ఉర్దూలోనే మాట్లాడితే, తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం చదివిన మనవళ్ళకి ఆమె మాట సగమే అర్థమవుతుంది. పిల్లలకి పది ఉర్దూ మాటలైనా నేర్పండి. ఆకలి, నొప్పి, భయం, చలి, నీళ్ళు అనే మాటలు చాలు. నానీ మెదడుకి జబ్బు చేసింది, నువ్వంటే ఇష్టం లేక కాదు అని వాళ్ళకి విడమరిచి చెప్పండి. చిన్నప్పుడు నేర్చిన సూరాలు, దరూద్ చాలాకాలం నోటికి వస్తాయి. ఆమెతో కలిసి సూరా ఫాతిహా చదివే మనవడికి నానీతో ఇంకా ఒక బంధం మిగిలి ఉన్నట్టే.

‘ఫోన్‌లో బాగానే మాట్లాడిందిగా!’

పెద్దకొడుకు జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉంటాడు. జుమా రోజు వీడియో కాల్ చేస్తాడు. అమ్మీ ఆ పది నిమిషాలు నవ్వుతూ ‘తిన్నావా బేటా’ అంటుంది. ‘బాగానే ఉందిగా, మీరే ఎక్కువ చేసి చెప్తున్నారు’ అంటాడతను. కొద్దిసేపు తమాయించుకుని మామూలుగా మాట్లాడగలగడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. మిగతా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు ఎవరు చూస్తున్నారన్నదే అసలు సంగతి. సెలవు మీద వచ్చినప్పుడు ఒక వారం పగలూ రాత్రీ అమ్మీ బాధ్యత పూర్తిగా అతనే తీసుకుంటే వాదన ఉండదు.

దూరంగా ఉన్నవాళ్ళు డబ్బు పంపాలి, ఆయాకి జీతం ఇవ్వాలి. దగ్గరున్నవాళ్ళు వంతులు వేసుకోవాలి. అబ్బాకి స్నానం, శుభ్రం కొడుకులు లేదా మగ అటెండెంట్ చూసుకుంటే పెద్దాయన హయా నిలుస్తుంది, కూతుళ్ళకీ ఇబ్బంది ఉండదు. వారంలో ఒక పూట అయినా ఖిద్మత్ చేసే మనిషికి పూర్తి సెలవు ఉండాలి. బయటి మనిషిని పెట్టుకుంటే నలుగురూ ఏమంటారో అని ఆగకండి. అలసిపోయిన చేతులతో చేసే సేవ కంటే సాయం తీసుకుని ఓపికగా చేసే సేవే అమ్మీకి సుఖం.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకుంటే అన్నదమ్ముల మధ్య మనసులు విరగవు. అమ్మీకి ఇంకా తెలివి స్పష్టంగా ఉన్నప్పుడే ఆమె ఇష్టప్రకారం బ్యాంకు ఖాతాలో జాయింట్ పేరు, నామినీ రాయించాలి. పవర్ ఆఫ్ అటార్నీ ఉందని ధీమాగా ఉండకండి. ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ అధికారం ముగిసిపోతుంది. ఆ తర్వాత కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. నగల జాబితా రాసి అందరి ముందు సంతకాలు పెట్టుకోండి. మతి లేని స్థితిలో వేయించుకున్న వేలిముద్ర చట్టం ముందూ నిలవదు, అల్లాహ్ ముందూ నిలవదు.

నమాజు, రోజా ఎలా?

‘అమ్మీ నమాజులు పోతున్నాయి, పాపం మాకు చుట్టుకుంటుందా?’ అని కొందరు లోలోపల కుమిలిపోతారు. మతి లేనివారి మీద, తిరిగి మతి వచ్చేవరకు, కలం ఎత్తివేయబడి ఉంటుందని హదీసు ఉంది. పూర్తిగా తెలివి పోయినవారి మీద ఇబాదత్ బాధ్యత ఉండదన్నది ఉలమా చెప్పే సూత్రం. ఆమె చదువుతానంటే చదవనివ్వండి, రకాతులు లెక్కపెట్టి తప్పు పట్టకండి. కాసేపు తెలివి ఉండి, కాసేపు లేని మధ్య దశలో నమాజు, రోజా, ఫిద్యా గురించి పరిస్థితి వివరించి మీ ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి చేత మొహమాటానికి రోజా ఉంచకండి.

చూసుకునే మనిషిని ఎవరు చూస్తారు?

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలని లేదనిపించడం.. ఇవి ఉంటే సబర్ చేసి కూర్చోవద్దు, డాక్టర్‌కి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. 1992లో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఇదే కష్టం పడుతున్న మరో ఇంటివాళ్ళతో మాట్లాడినా బరువు కొంత తగ్గుతుంది.

బంధువులకీ ఒక మాట. ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు సబర్ అని చెప్పి వచ్చేయకండి. ‘నేను రెండు గంటలు అమ్మీ దగ్గర కూర్చుంటా, నువ్వు వెళ్ళి పడుకో’ అనండి. పెద్దామెని ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి సలాం చెయ్యండి.

చిన్నప్పుడు మనం అడిగిందే వందసార్లు అడిగితే వందసార్లూ జవాబు చెప్పిన మనిషే ఈ రోజు అడుగుతోంది. ఆమెకి మనం ఎవరో తెలియకపోవచ్చు. ఆమె ఎవరో మనకి తెలుసు. ఆ జ్ఞాపకాన్ని ఇక మనమే మోయాలి, అది కూడా ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ కలిసి.